మీకు తెలుసా? మహారాజుగా ఏలిన రాణి

వివాహమును నిరాకరించి, 1654లో స్వీడను సింహాసనమును తానై త్యజించిన క్రిస్టీనా రాణి చరిత్రను డాక్యుమెంటరీలలో చూచి విస్మయమొందు మనము, అంతకు దాదాపు నాలుగు శతాబ్దములకు పూర్వమే ఓరుగల్లున 'రుద్రదేవ మహారాజు' అను పురుషనామముతో శాసనములకెక్కి రాజ్యమేలిన రుద్రమదేవిని మరచుట న్యాయము కాదు. పుత్రసంతానము లేని ఆమె తండ్రి, కాకతీయ ప్రభువు గణపతిదేవుడు ఆమెను కుమారునిగనే భావించి రాజ్యభారమును అప్పగించెను. వెనిసు యాత్రికుడు మార్కో పోలో ఆమె న్యాయపరతను మిక్కిలి కొనియాడెను. కాని ఆమెను గతించిన రాజు భార్యగా పొరబడెను.

పత్తికొండ వారికి ఈ కథ దూరదేశపు వృత్తాంతము కాదు. ఆమెపై తిరుగుబాటు చేసిన కాయస్థ వంశపు సామంతుడు అంబదేవుడు మన పొరుగుననున్న కడప సీమలోని వల్లూరు నుండి ఏలినవాడే. అతనితో జరిగిన పోరులోనే వృద్ధురాలైన రాణి వీరమరణము నొందెనని పెక్కుమంది చరిత్రకారుల అభిప్రాయము. నల్లగొండ జిల్లా చందుపట్లలోని 1289 నవంబరు నాటి శాసనము ఆమెయు, సేనాని మల్లికార్జున నాయకుడును శివలోకప్రాప్తి నొందిరని చెప్పుచున్నది. వారి పుణ్యార్థమై భూదానమొనర్చి ఆ శాసనము వేయించినవాడు రాజబంధువు కాడు, పువ్వుల ముమ్మడి యను సేవకుడు.