కాంటాక్టు లెన్సులో బొమ్మలు కనిపిస్తాయా?

నరసన్నపేట బస్టాండులో మీరు నిలబడి వున్నారనుకోండి. శ్రీకాకుళం బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో మీ కళ్లెదుట గాలిలో అక్షరాలు కనిపిస్తున్నాయి. బస్టాండూ కనిపిస్తుంది, దానిమీద అక్షరాలూ కనిపిస్తాయి. ఎదుట వున్న లోకానికి ఇలా అదనపు సమాచారం జోడించి చూపడాన్నే ఆగ్‌మెంటెడ్ రియాలిటీ అంటున్నారు. ఈ పని చేసే కాంటాక్టు లెన్సులు వస్తున్నాయట కదా అని మా ఆస్పత్రికి వచ్చే విద్యార్థులు అడుగుతున్నారు. కొందరైతే, "అవి వచ్చేదాకా కళ్లజోడు లేకుండా గడిపేస్తే ఏం?" అంటున్నారు. అందుచేత ఈ విషయం కొంచెం వివరంగా చెప్పవలసి వుంది.

అసలు ఇది సాధ్యమేనా?

కొంతవరకు సాధ్యమేనని రుజువైంది. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో బాబక్ పార్విజ్ బృందం ఒకే ఒక్క వెలుగు చుక్క గల లెన్సును తయారుచేసి, కుందేలు కంటికి అమర్చి, 2011లో ఆ వివరాలు ప్రకటించింది. దానికి విద్యుత్తును తీగలు లేకుండా రేడియో తరంగాల ద్వారా పంపారు. బయట మీటరు దూరం నుంచి పనిచేసిన ఆ లెన్సు, కంటిమీద పెట్టేసరికి సుమారు రెండు సెంటీమీటర్ల దూరం నుంచి మాత్రమే పనిచేసింది.

తరువాత కాలిఫోర్నియాలోని మోజో విజన్ అనే సంస్థ అర మిల్లీమీటరు కూడా లేని బొమ్మల తెరను లెన్సులో ఇమిడ్చింది. 2022 జూన్‌లో సంస్థ అధిపతి డ్రూ పెర్కిన్స్ దాన్ని స్వయంగా తన కంట్లో పెట్టుకుని చూశాడు. కాని 2023 జనవరిలో, పెట్టుబడి దొరకక, ఆ సంస్థ లెన్సు పని ఆపేసింది. బొమ్మలు చూపించే లెన్సు ఇంతవరకూ అంగట్లోకి రాలేదు.

అడ్డంకులు ఏమిటి?

మీ వేలిని కంటికి దగ్గరగా తెచ్చుకుంటూ చూడండి. ఒక హద్దు దాటాక మసకబారుతుంది. మరి కంటికి అంటుకునే వున్న అక్షరం ఎలా కనిపిస్తుంది? దాని వెలుగును సూక్ష్మమైన కటకంతో మలచి, లోపలి రెటీనా మీద సరిగ్గా పడేలా చేయాలి. దీనికి ఉపాయం దొరికింది. రెప్పపాటుకు లెన్సు జారితే బొమ్మా జారుతుంది గనుక, తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద లెన్సు వాడారు.

అసలు చిక్కు కంటితోనే. నల్లగుడ్డుపై అద్దంలా వుండే పొరను కార్నియా అంటాం. దానిలో రక్తనాళాలు వుండవు. వుంటే చూపుకు అడ్డం వచ్చేవి. అందుచేత అది తనకు కావలసిన ప్రాణవాయువును ప్రధానంగా గాలి నుంచి, కన్నీటి ద్వారా తీసుకుంటుంది. దానిమీద బ్యాటరీ, తీగలు, చిప్పులు పరిచిన మూత పెడితే గాలి ఎలా అందుతుంది? గాలి చాలకపోతే కార్నియా వాచి మసకబారుతుంది. చాలాకాలం అలాగే సాగితే లేనిచోట రక్తనాళాలు పుట్టుకొస్తాయి. పైగా విద్యుత్తు వున్నచోట వేడి పుడుతుంది. ఆ వేడి కంటికి హాని చేయకూడదు. రోజుకు పది గంటల చొప్పున ఏళ్ల తరబడి పెట్టుకున్నా కన్ను క్షేమంగా వుంటుందని తేలినప్పుడే నేను దాన్ని సాధ్యమైనదంటాను.

మధుమేహ రోగులకు ఒక మాట

కన్నీటి ద్వారా చక్కెర కొలిచే లెన్సు తయారుచేస్తున్నామని 2014లో గూగుల్ ప్రకటించింది. కన్నీటిలోని గ్లూకోజుకూ రక్తంలోని గ్లూకోజుకూ నమ్మదగిన పొంతన కుదరక 2018లో ఆ పని ఆగిపోయింది. కాబట్టి రక్తపరీక్షలు మానకండి. ఏడాదికొకసారి రెటీనా పరీక్ష చేయించుకోండి.

ఇప్పుడు మీరేం చేయాలి?

రాబోయే లెన్సు కోసం నేటి కళ్లజోడును వాయిదా వేయకండి. ముఖ్యంగా చిన్నపిల్లలకు సకాలంలో అద్దాలు పెట్టకపోతే కన్ను మందగిస్తుంది. పెద్దయ్యాక అద్దాలు పెట్టినా పూర్తి చూపు రాకపోవచ్చు.

మామూలు కాంటాక్టు లెన్సులు మంచివే. కార్నియా శంకువులా పొడుచుకువచ్చిన వారికి కళ్లజోడుతో రాని చూపు కూడా వీటితో వస్తుంది. అటువంటివారు విశాఖపట్నంలోని ప్రాంతీయ కంటి ఆస్పత్రిలో గాని, ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో గాని చూపించుకోవచ్చు. అయితే పెళ్లికో ఫోటోకో అని పరీక్ష లేకుండా రంగు లెన్సులు కొనకండి. ఒకరి లెన్సు మరొకరు పెట్టుకోకండి. చేతులు సబ్బుతో కడిగి, తుడుచుకున్నాకే లెన్సు ముట్టుకోండి. కుళాయినీటితో, నూతినీటితో లెన్సు కడగవద్దు. ఆ నీటిలో వుండే అమీబా వంటి క్రిములు కార్నియాను తినివేస్తాయి. లెన్సుతో నిద్రపోవద్దు. వరి నూర్పిళ్ల దుమ్ములోకి లెన్సుతో వెళ్లవద్దు.

కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా వెంటనే లెన్సు తీసేసి కంటి డాక్టరుకు చూపించండి. మందుల షాపులో అడిగి చుక్కలు వేసుకోకండి. వాటిలో స్టెరాయిడ్ వుంటే పుండు ముదిరి, కంట్లో పువ్వు వేస్తుంది. ఆ పువ్వు మిగిలిపోతే ఏ కొత్త లెన్సు వచ్చినా ఆ కంటికి బొమ్మ చూపించలేదు.