తెలుగు యూదులు - యూదు వ్యతిరేకత

యూదులను కేవలము యూదులైన కారణముగా ద్వేషించుట, హింసించుట యూదు వ్యతిరేకత అనబడుతుంది. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపమున గల కొత్తరెడ్డిపాలెములోని బెనే ఎఫ్రాయిం అను చిన్న సమాజమునకు కూడా దీని సెగ తగిలినది. ఈ వ్యాసము ఆ సమాజమును, తీవ్రవాద హింసపై యూదుల దృక్పథమును వివరిస్తుంది.

నేపథ్యము

1879లో జర్మనీలో విల్‌హెల్మ్ మార్ రచనల ద్వారా "యాంటీ సెమిటిజం" అను పదము వ్యాప్తిలోనికి వచ్చినది. అంతకు ముందు మతము పేరిట సాగిన ద్వేషము ఆపై జాతి పేరిట కొనసాగి, రెండవ ప్రపంచ యుద్ధ కాలములో నాజీలచే సుమారు 60 లక్షల మంది యూదుల హత్యకు దారి తీసినది. భారతదేశములో యూదులు శతాబ్దాలుగా ఇరుగుపొరుగులతో కలిసి జీవించారు. 1662లో కొచ్చిన్ పరదేశీ సినగాగుపై జరిగిన విధ్వంసము పోర్చుగీసు వారి పని.

బెనే ఎఫ్రాయిం

ఈ సమాజము వారు మాదిగ కులమునకు చెందిన, పూర్వము బాప్టిస్టు క్రైస్తవులుగా ఉన్న కుటుంబాల వారు. తాము ఇశ్రాయేలు గోత్రాలలో ఒకటైన ఎఫ్రాయిం సంతతి అని వీరి విశ్వాసము. ష్మూయెల్ యాకోబి, సాదోక్ యాకోబి సోదరుల నాయకత్వములో 1990వ దశకము ఆరంభములో ఇక్కడ సినగాగు ఏర్పడినది. ఇశ్రాయేలు ప్రధాన రబ్బీల సంస్థ వీరిని యూదులుగా గుర్తించలేదు.

అయితే 2004లో లష్కర్-ఎ-తోయిబా వీరిపై దాడికి పథకము వేసినదన్న ఆరోపణలు వెలువడినవి. యూదులుగా గుర్తింపు లభించక ముందే, యూదులుగా ప్రమాదము ఎదురైనది. ద్వేషించువాడు ధ్రువపత్రము అడుగడు.

ఇతర దాడులు

2008 నవంబరులో ముంబయి దాడులలో నారిమన్ హౌస్‌లోని యూదు కేంద్రమున రబ్బీ గవ్రియెల్ హోల్జ్‌బర్గ్, ఆయన భార్య రివ్కాతో సహా ఆరుగురు హతులైనారు. వారి రెండేళ్ళ కుమారుని ఆయా సాండ్రా సామ్యూల్ కాపాడినది. హంతకుల శవాలను తమ శ్మశానములో ఖననము చేయుటకు ముంబయి ముస్లిం సంస్థ నిరాకరించినది.

2025 డిసెంబరు 14న సిడ్నీలోని బాండై తీరమున హనుక్కా పండుగ వేడుకపై జరిగిన కాల్పులలో 15 మంది మరణించారు. పోలీసుల చేతిలో మరణించిన దుండగుడు 1998లో హైదరాబాదు నుండి వలస వెళ్ళినవాడని, అతని తీవ్రవాద భావాలకు తెలంగాణతో సంబంధము కనబడలేదని తెలంగాణ పోలీసులు ప్రకటించారు. ఒక దుండగుని చేతి నుండి తుపాకి లాగివేసిన అహ్మద్ అల్ అహ్మద్ కూడా ముస్లిమే.

యూదుల దృక్పథము

యూదు ధర్మములో ప్రాణరక్షణకు "పికువాహ్ నెఫెష్" అని పేరు. ప్రాణము కాపాడుటకు సబ్బాతు నియమమును కూడా ఉల్లంఘించవచ్చును. కావున ప్రార్థనా మందిరాలకు రక్షణ కల్పించుకొనుట భయమునకు చిహ్నము కాదు, ధర్మమే. మృతులను స్మరించుట, పండుగలను మానక జరుపుకొనుట హింసకు ఇచ్చు ప్రత్యుత్తరముగా అనేకులు భావిస్తారు. ముంబయి యూదు కేంద్రము 2014లో తిరిగి తెరువబడినది.

ఇశ్రాయేలు ప్రభుత్వ విధానాలను విమర్శించుట అంతమాత్రమున యూదు వ్యతిరేకత కాదు. యూదులలోనే అట్టి విమర్శకులు అనేకులు కలరు. ఆ ప్రభుత్వము చేసిన పనికి కొత్తరెడ్డిపాలెములోని కూలీని బాధ్యుని చేయుట మాత్రము యూదు వ్యతిరేకతయే. ఒక దుండగుని నేరమును అతని మతస్థులందరిపై, అతని ఊరిపై మోపుట కూడా ఇట్టి తప్పే.