ఘటోత్కచుడు ఎందుకు మసకబారాడు?

పిల్లలూ! నిరుడు కూకట్‌పల్లిలోని మా బడి వార్షికోత్సవంలో మాయాబజార్ కథలోని ఒక ఘట్టం ఆడించాం. తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు ఘటోత్కచుడి వేషం కట్టాడు. వాళ్ల నాయనమ్మ ఊళ్లో మంచం పట్టి ఉంది. ఆమెకు చూపించాలని వాడి స్నేహితుడు కెమెరాతో నాటకమంతా తీశాడు. మర్నాడు వేసి చూస్తే ఏముంది! వెనక తెరమీద గీసిన రాజభవనం స్తంభాలు, వాటి మీది లతలు ఎంతో స్పష్టంగా ఉన్నాయి. వాటి ముందు నిలబడిన ఘటోత్కచుడు మాత్రం మసకమసకగా ఉన్నాడు.

"మళ్లీ ఒక్కసారి ఆడదాం మాస్టారూ!" అన్నాడు కుర్రవాడు. అప్పటికే పందిరి విప్పేశారు. వేషాలు అద్దె దుకాణానికి వెళ్లిపోయాయి. రంగస్థలం మీది ఆట ఒక్కసారే గదా!

ఇలా ఎందుకు జరిగింది? కటకం సంగతి కాస్త తెలుసుకుంటే జవాబు దొరుకుతుంది.

పావు మిల్లీమీటరు కథ

కెమెరాలోని కటకాల అమరిక మొత్తంమీద ఒక కుంభాకార కటకంలా పనిచేస్తుంది. ఎదుటి వస్తువు నుంచి వచ్చే కాంతి కిరణాలను కూడగట్టి, వెనకనున్న సెన్సార్ మీద నిజ ప్రతిబింబాన్ని ఏర్పరుస్తుంది. వస్తువు దగ్గరికి వచ్చే కొద్దీ ప్రతిబింబం కటకానికి దూరంగా జరుగుతుంది.

కటకం నాభ్యంతరం 50 మిల్లీమీటర్లు అనుకుందాం. నటుడు 10 మీటర్ల దూరంలో ఉంటే ప్రతిబింబం కటకానికి 50.25 మి.మీ. వెనక ఏర్పడుతుంది. అతడు 5 మీటర్ల దూరానికి వస్తే 50.51 మి.మీ. వద్ద ఏర్పడుతుంది. తేడా ఎంత? సుమారు పావు మిల్లీమీటరు! కటకాన్ని ఆ కాస్తా ముందుకు జరపకపోతే బొమ్మ అలుక్కుపోతుంది. ఇలా సరిచేయడాన్నే ఫోకస్ చేయడం అంటారు. మన కంట్లో కటకానికీ రెటీనాకూ మధ్య దూరం మారదు. సిలియరీ కండరాలు కటకం నాభ్యంతరాన్నే మార్చి ఈ పని చేస్తాయి.

కెమెరా ఎలా మోసపోతుంది?

తనంతట తానే ఫోకస్ చేసుకునే కెమెరాలు అనుసరించే పద్ధతుల్లో ఒకటి ఇది. కటకాన్ని ముందుకూ వెనక్కూ జరిపి, వెలుగునీడల అంచులు ఎక్కడ ఎక్కువ తేటగా విడివడి కనబడితే అక్కడ ఆగుతుంది. మా ఘటోత్కచుడు నల్లని దుస్తుల్లో, తక్కువ వెలుతురులో ఉన్నాడు. వెనక తెరమీద మెరిసే గీతలు బోలెడు. కెమెరా ఆ గీతలకే ఓటు వేసింది! ఈనాటి కెమెరాలు ముఖాలను కూడా పోల్చుకోగలవు. అయినా దట్టమైన రంగు, కోరమీసం, పక్కకు తిరిగిన ముఖం, అడ్డం వచ్చే పొగ వాటిని తడబెట్టగలవు.

కూకట్‌పల్లికి ఎంతో దూరంలేని శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ నాటకంతో మొదలైన నాటక సంప్రదాయానికి వారసులైన కళాకారుల కాలనీ అది. వారి మాయాబజార్ నాటకంలో లడ్డూలు వాటంతట అవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లోకి వెళతాయి! రంగుల తెరలు, పొగ, మారిపోయే దీపాలు చూసేవారికి అద్భుతం. కెమెరాకు మాత్రం అడుగడుగునా పరీక్షే. లడ్డూ ఎగిరే ఆ రెండు క్షణాల్లో కెమెరా ఫోకస్ కోసం వెతుక్కుంటూ కూర్చుంటే ఆ దృశ్యం పోయినట్లే.

ముందే సిద్ధం కావాలి

సినిమా చిత్రీకరణలో నటుడు ఆగే చోటును ముందే నేలమీద గుర్తుపెట్టి, కెమెరా నుంచి దూరాన్ని టేపుతో కొలుస్తారు. నాటకానికీ ఇదే ఉపాయం. రిహార్సల్ నాడే ముఖ్యమైన చోట్ల దూరం చూసుకుని, ఆటోఫోకస్ ఆపి, చేత్తో ఫోకస్ పెట్టుకోవాలి.

నటుడు అటూ ఇటూ కదిలితే? కొంత మేరకు ఫరవాలేదు. 36 మి.మీ. వెడల్పు సెన్సార్ ఉన్న కెమెరాలో 50 మి.మీ. కటకాన్ని 10 మీటర్లకు ఫోకస్ చేసి, కాంతి ప్రవేశించే రంధ్రాన్ని ఎఫ్ 2.8 వద్ద ఉంచితే, సుమారు ఏడున్నర మీటర్ల నుంచి 15 మీటర్ల దాకా స్పష్టంగానే కనబడుతుంది. రంధ్రాన్ని ఎఫ్ 5.6కు తగ్గిస్తే ఈ హద్దులు 6 నుంచి 30 మీటర్ల వరకు విస్తరిస్తాయి. కానీ వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది.

ఇక జూమ్ చేసి నాభ్యంతరాన్ని 100 మి.మీ. చేస్తే, ఎఫ్ 2.8 వద్ద 9.2 నుంచి 10.9 మీటర్ల వరకే స్పష్టత. రెండు మీటర్లు కూడా లేదు! మా కుర్రవాడు చేసింది ఇదే. ముఖం దగ్గరగా కనబడాలని జూమ్ చేశాడు. ఫోకస్ వెనక తెర మీదికి పోగానే ఘటోత్కచుడు హద్దు దాటిపోయాడు.

సెల్‌ఫోన్ ప్రధాన కటకం నాభ్యంతరం కొద్ది మిల్లీమీటర్లే కనుక దానికి ఈ హద్దులు చాలా విశాలం. అయితే మధ్యలో ఎవరైనా తల అడ్డం పెడితే ఫోకస్ అటు మళ్లవచ్చు. చాలా ఫోన్లలో నటుడి బొమ్మ మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్ అక్కడే నిలిచిపోతుంది.

మీరే చేసి చూడండి

చీకటి గదిలో కొవ్వొత్తి వెలిగించి, భూతద్దంతో తెల్ల కాగితం మీద దాని ప్రతిబింబం పట్టండి. కొవ్వొత్తిని భూతద్దానికి కొంచెం దగ్గరగా జరపండి. బొమ్మ చెదురుతుంది. కాగితాన్ని ఎంత వెనక్కి జరిపితే మళ్లీ కుదురుతుందో స్కేలుతో కొలవండి. భూతద్దంలోంచి సూర్యుణ్ణి మాత్రం ఎన్నడూ చూడకండి.

ఈ ఏడాది రిహార్సల్ నాడే మా పిల్లలు టేపు పట్టుకుని వేదిక ఎక్కారు. ఘటోత్కచుడు నిలబడే చోట సుద్దముక్కతో ఒక గీత గీశారు. ఆట అయ్యాక ఊరికి పంపిన వీడియోలో మనవడి కోరమీసం స్పష్టంగా కనబడింది. "మా తాతలా ఉన్నాడే!" అని నాయనమ్మ నవ్విందట.