పాటకు బొమ్మ కట్టే విద్య

“మీ మేనల్లుడు హైదరాబాదులో ఏం చేస్తున్నాడండీ?” అని ఎవరైనా అడిగితే, ఇంజనీరని చెప్పి ఊరుకునేవాణ్ణి. అది అబద్ధం కాదు. పగలు ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తాడు. కాని నెలకు రెండు మూడు శనివారాలు, చీకటి పడ్డాక, సంచీలో కంప్యూటరూ తీగెలూ వేసుకుని బయలుదేరుతాడు. తిరిగి ఇల్లు చేరేసరికి పాలవాడు వస్తూ ఉంటాడు. ఆ మధ్యవేళ ఏం జరుగుతున్నదో మాకెవరికీ సరిగా తెలియదు.

మా అక్కయ్యకు దిగులు పట్టుకున్నది. “క్లబ్బట! డాన్సులట! వీడు ఆడడట, పాడడట, వాద్యమూ వాయించడట. మరి డబ్బు ఎందుకిస్తారురా? నువ్వొకసారి వెళ్ళి కళ్ళారా చూసి రా” అన్నది. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి క్లబ్బులో పనేమిటని వెనకాడాను గాని, అక్క మాట తీసివెయ్యలేక వేసవి సెలవులలో వెళ్ళాను. అక్కడ చూసినదీ, వాడి బల్లముందు కూర్చుని నేర్చుకున్నదీ మీకు చెబుతాను. ఈ సరదా ఉన్న పిల్లలు మీ ఇంట్లోనూ ఉండవచ్చు గదా!

ఏమిటీ పని?

పాటలను ఒకదానిలోంచి ఒకదానిలోకి ఆగకుండా కలుపుతూ పోయేవాణ్ణి డీజే అంటారని అందరికీ తెలుసు. పెళ్ళి ఊరేగింపులలో కూడా చూస్తున్నాం. ఆ పాట సాగుతూండగా, దాన్ని వింటూ, వెనక ఉన్న పెద్ద తెరమీద కదిలే బొమ్మలను అప్పటికప్పుడు ఎంచి, కలిపి, మార్చి చూపేవాడు వీజే. సినిమాలో బొమ్మల వరస ముందే కూర్చి పెట్టి ఉంటుంది. ఇక్కడ అలా కాదు. తరువాత ఏ పాట వస్తుందో వీజేకి తెలియదు. చాలాసార్లు డీజేకి కూడా అప్పటిదాకా తెలియదు!

ఇది నిన్నటి ఆలోచన కాదు. 1725లోనే ఫ్రాన్సులో కాస్టెల్ అనే జెసూయిట్ పాదిరి, మెట్టు నొక్కితే స్వరంతోపాటు రంగు కూడా కనిపించే వాద్యాన్ని ఊహించి ప్రకటించాడు. డెన్మార్కులో పుట్టిన థామస్ విల్‌ఫ్రెడ్ 1922లో న్యూయార్కులో ‘క్లావిలక్స్’ అనే యంత్రంతో వెలుగుల కచేరీ చేశాడు. ఆయనకు పాట తోడు కూడా అక్కరలేదు, వెలుగే సంగీతమన్నాడు. 1968లో అదే నగరంలో ఫిల్‌మోర్ ఈస్ట్ అనే నాటకశాల తెరిచినప్పుడు, జాషువా వైట్ బృందంవారు గాజు పళ్ళేలలో రంగునీళ్ళూ నూనే పోసి, వాటి కదలికను ప్రొజెక్టర్లతో వాద్యకారుల వెనక తెరమీదికి పంపారు. పళ్ళేన్ని చేత్తో కదిలిస్తే తెరంతా అలలెత్తేది. 1981లో ఎంటీవీ వచ్చిన తరువాత, టెలివిజన్‌లో పాటలను పరిచయం చేసేవారికి కూడా వీజే అన్న పేరు పడింది. పేరొక్కటే, పని వేరు.

ఇదంతా వింటూంటే నాకు మన తోలుబొమ్మలాట గుర్తుకు వచ్చింది. తెర వెనక దీపం, రంగులద్దిన పలుచని తోలుబొమ్మ, పక్కన మృదంగం, తాళాలు. ఆడించేవాడే పాడుతూ, కాలికింద చెక్కను తొక్కి యుద్ధాల చప్పుడు పుట్టిస్తాడు. పాట ఎటు పోతే బొమ్మ అటు పోవాలి. మావాడు చేస్తున్నదీ అదే పని. కాకపోతే దీపానికి బదులు కరెంటు.

మొదలుపెట్టడం ఎలా?

బొమ్మలను గబగబా చూపగల మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ ఒకటి కావాలి. రిజొల్యూమ్, వీడీఎంఎక్స్ వంటి సాఫ్ట్‌వేర్లు ఈ పనికే పుట్టాయి. కొనకముందే నేర్చుకునే వీలున్నది. రిజొల్యూమ్‌ను ఉచితంగా దింపుకుంటే, డబ్బు కట్టేదాకా బొమ్మమీద వారి ముద్ర పడుతుంది. ఇంట్లో సాధన చేసుకోవడానికి ఆ ముద్ర అడ్డం కాదు.

సాఫ్ట్‌వేర్ తెరిస్తే చదరంగం బల్లలాగా గళ్ళు కనిపిస్తాయి. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క చిన్న వీడియో. గడి నొక్కితే బొమ్మ ఆడుతుంది. గళ్ళ వరసలను పొరలంటారు. కింది పొరమీద పై పొర, రెండు గాజుపలకలు పేర్చినట్టు. పై పొరలో నల్లగా ఉన్న భాగం కనిపించకుండా చేస్తే, వెలుగు ఉన్నచోటు మాత్రమే కింది బొమ్మమీద తేలుతుంది. వాన బొమ్మమీద దీపం బొమ్మ అలా పెట్టి చూపించాడు. వానలో దీపం వెలుగుతూనే ఉన్నది!

మౌసుతో ఇంత పని జరగదు. మీటలూ, తిప్పే బిరడాలూ ఉన్న చిన్న పెట్టె ఒకటి కొనుక్కుంటే చెయ్యి తడుముకోదు. దాన్ని మిడి కంట్రోలర్ అంటారు. మొదట్లో ఎనిమిది మీటలున్నది చాలు.

ఇక లెక్క. నిమిషానికి 120 దెబ్బలు పడే పాట అనుకుందాం. దెబ్బకు అర సెకను. నాలుగు దెబ్బల ఆవృతానికి 2 సెకన్లు. నాలుగు ఆవృతాలకు 8 సెకన్లు. అందుచేత 8 సెకన్ల వీడియోను, చివర మొదటితో అతుక్కునేట్టు తయారు చేసుకుంటే, అది పాటతోపాటు చక్రంలాగా తిరుగుతుంది. పాట వేగం మారితే సాఫ్ట్‌వేర్ బొమ్మ వేగాన్ని కూడా మారుస్తుంది. ఈ నాట్యసంగీతంలో పెద్ద మలుపులు సాధారణంగా 8, 16, 32 ఆవృతాలకు వస్తాయి. వేళ్ళమీద లెక్క పెట్టుకుని మలుపు దగ్గర బొమ్మ మార్చడమే మొదటి పాఠం. తాళం వేస్తూ సంగీతం నేర్చుకున్న పిల్లలకు ఇది సగం వచ్చినట్టే.

మరొక కిటుకు. మన ఫోన్లు తీసే వీడియోలు స్థలం కలిసిరావడానికి ప్రతి చిత్రాన్నీ పూర్తిగా దాచవు. ముందు చిత్రానికీ దీనికీ ఉన్న తేడానే ఎక్కువగా దాస్తాయి. వెనక్కి తిప్పాలన్నా, మధ్యలోంచి పట్టుకోవాలన్నా కంప్యూటర్ తడబడుతుంది. ప్రతి చిత్రాన్నీ విడిగా ఉంచే డీఎక్స్‌వీ, హాప్ వంటి పద్ధతులలోకి ముందే మార్చుకోవాలి. స్థలం ఎక్కువ పడుతుంది గాని చెప్పిన మాట వింటుంది.

బొమ్మలు ఎక్కడివి? సినిమాలలోంచీ ఇంటర్‌నెట్‌లోంచీ కత్తిరించుకు రావడం తేలిక. కాని అవి ఒకరి సొత్తు. మావాడు తన ఫోనుతోనే తీసుకుంటాడు: పొంగే పాలు, రైలు కిటికీలోంచి పరుగెత్తే స్తంభాలు, మగ్గంమీద ఆడే నాడె, తిరిగే ఫ్యాను నీడ, వాళ్ళమ్మ ముగ్గు వేస్తున్న చెయ్యి. ముఖం లేదు, చెయ్యి మాత్రమే. ఆ సంగతి ఇంకా వాళ్ళమ్మకు తెలియదు.

ముందురోజు అడగవలసినవి

తెర ప్రొజెక్టరుదా, ఎల్ఈడీ పలకలదా? దాని కొలతెంత? బల్ల ఎక్కడ వేస్తారు? అక్కడినుంచి తెరకు తీగె ఎంత పొడుగు? మామూలు హెచ్‌డీఎంఐ తీగె పది పదిహేను మీటర్లు దాటితే బొమ్మ తెగిపోతూంటుంది. వేరే ఏర్పాటు కావాలి. నెమ్మదిగా కదిలే పొడుగాటి వీడియో ఒకటి ఎప్పుడూ ఒక మీటమీద సిద్ధంగా ఉండాలి. ఏది చెడినా దానిమీదికి దూకవచ్చు. అన్నిటికంటె ముందు ఫోను సందేశాలు కంప్యూటర్‌లోకి రాకుండా ఆపాలి. “అన్నం తిన్నావా నాన్నా” అని మా అక్కయ్య పంపిన మాట ఒకసారి నిలువెత్తు తెరమీద ప్రత్యక్షమైందట. జనం ఈలలు వేశారట!

మెరుపుల సంగతి

నవ్వుతూ చెబుతున్నవాడు ఇక్కడికి వచ్చేసరికి గొంతు తగ్గించాడు.

“నా మొదటి ప్రదర్శనలో ఉత్సాహం పట్టలేకపోయాను మామయ్యా. పాట పైకి లేచిన కొద్దీ తెలుపు, నలుపు, తెలుపు, నలుపు అని మెరిపించాను. జనం కేకలు పెడుతున్నారు. ముందు వరసలో ఒక అమ్మాయి తల పట్టుకుని నేలమీద కూర్చుండిపోయింది. స్నేహితులు బయటికి తీసుకుపోయారు. కాసేపటికి తేరుకుందన్నారు. అది నా మెరుపులవల్లో, ఉక్కవల్లో నాకు ఇప్పటికీ తెలియదు. కాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.”

మూర్ఛ ఉన్నవారిలో కొందరికి వేగంగా మెరిసే వెలుగు చూస్తే మూర్ఛ వస్తుంది. తమకు ఆ లక్షణం ఉన్నదని అప్పటిదాకా తెలియనివారికి కూడా రావచ్చు. 1997 డిసెంబరు 16న జపానులో పిల్లల కార్టూన్ ‘పోకెమాన్’లో ఎరుపూ నీలమూ వేగంగా మార్చి మార్చి మెరిసిన కొద్ది క్షణాలకు 680 మందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు. సెకనుకు మూడు మెరుపులు మించరాదన్నది వెబ్ పేజీలకు పెట్టిన ప్రమాణం. తెరనిండా మెరిసేవీ, చిక్కని ఎరుపువీ మరీ ప్రమాదం.

దీన్ని తాళంలో పెట్టి చూడండి. నిమిషానికి 128 దెబ్బల పాటలో దెబ్బకొక మెరుపైతే సెకనుకు రెండు దాటుతుంది, హద్దులోనే ఉన్నాం. అర దెబ్బకొకటి అయితే నాలుగు దాటిపోతుంది. వేలు ఒక్క మీట పక్కకు జరిగితే చాలు, హద్దు దాటినట్టే! ఆనాటినుంచి మావాడు అటువంటి వీడియోలన్నీ తీసిపారేశాడు.

ఆ రాత్రి

వాణ్ణి కనిపెట్టుకుని మూలన నిలబడ్డాను. చెవులు గింగురుమన్న మాట నిజమే. బల్లమీద వాడికి మంచినీళ్ళ సీసా తప్ప మరేమీ లేదు; ఇది అక్కయ్యకోసం రాస్తున్నాను. కళ్ళు సగం మూసుకుని తలతో తాళం వేస్తున్నాడు. నేను లెక్కపెట్టాను: గంటసేపట్లో వాడు వాడినవి పన్నెండు బొమ్మలకు మించవు. ఒకచోట పాట ఒక్కసారిగా సన్నబడి, ఒక్క తీగె మాత్రమే మిగిలింది. వాడు తెరంతా చీకటి చేసేశాడు. చెడిపోయిందనుకుని నేను కంగారుపడ్డాను. పదహారు ఆవృతాలు గడిచాక పాట తిరిగి విరుచుకు పడినప్పుడు, ఆ నల్లటి తెరమీద తెల్లటి ముగ్గు గీత ఒకటి మెల్లగా సాగింది. ఆడుతున్న పిల్లలు సగంమంది ఆగి అటు చూశారు.

ఈ పనిమీద వచ్చేదానితో ఇల్లు గడవదు. మొదటి ఏడాది ఆటో ఖర్చులు వస్తే చాలనిపించేదట. అందుకే ఉద్యోగం వదలలేదు, వదలమని నేనూ చెప్పను. కాని పదిమంది ఆనందాన్నీ, వారి క్షేమాన్నీ ఒకే చేత్తో పట్టుకుని నడపడం చిన్న విద్య కాదు.

ఇంటికి వచ్చి అక్కయ్యకు అంతా చెప్పాను, ముగ్గు సంగతి కూడా. కాసేపు మాట్లాడలేదు. తరువాత, “బాగానే ఉందిరా. కాని దీనికి అర్ధరాత్రి దాకా మెలకువ దేనికి? పగటిపూట చెయ్యకూడదూ?” అన్నది.

“తోలుబొమ్మలాట పగలు ఆడగా ఎప్పుడైనా చూశావా అక్కా?” అన్నాను.