ఏ పరీక్ష ఏ వేళకు: సాఫ్ట్‌వేర్ టెస్టుల కాలపట్టిక

సాఫ్ట్‌వేర్‌లో ఒకచోట చేసిన మార్పు, దానితో ఏ సంబంధమూ లేదనుకున్న మరో భాగాన్ని చెడగొట్టవచ్చు. అందుకే పాత పరీక్షలను మళ్లీ మళ్లీ నడుపుతారు. వీటిని రిగ్రెషన్ టెస్టులంటారు. చేత్తో చేస్తే రోజులు పట్టే ఈ పనిని ఇప్పుడు స్క్రిప్టులే చేసిపెడుతున్నాయి. అవి ఎప్పుడు నడవాలో మాత్రం మనుషులే ఆలోచించి పెట్టాలి.

చిన్న చిన్న యూనిట్ టెస్టులకు వేళ నిర్ణయించనక్కర్లేదు. ఒక్కొక్కటి మిల్లీసెకన్లలో ముగుస్తుంది కాబట్టి డెవలపర్ కోడ్ చేర్చిన వెంటనే నడపవచ్చు. బ్రౌజర్ తెరిచి, లాగిన్ అయి, వస్తువు ఎంచుకుని, చెల్లింపు దాకా వెళ్లే ఎండ్ టు ఎండ్ టెస్టుల సంగతి వేరు. అలాంటివి వందలుంటే గంటలు పడుతుంది. ప్రతి మార్పుకూ నడిపితే సర్వర్లు చాలవు, డెవలపర్ల పనీ ఆగిపోతుంది. అందుకని వాటిని రాత్రికి, లోడ్ టెస్టుల వంటి ఇంకా బరువైనవాటిని వారాంతానికి పెడతారు.

వేళ ప్రకారం నడపడానికి ఇంతకంటే ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. కోడ్‌ను ఎవరూ ముట్టుకోకపోయినా దాని చుట్టూ ఉన్నవి మారుతూనే ఉంటాయి. బ్రౌజర్‌కు కొత్త వెర్షన్ వస్తుంది, బయటి సంస్థ తన ఏపీఐని మారుస్తుంది, భద్రతా సర్టిఫికెట్ గడువు తీరిపోతుంది. మార్పు జరిగినప్పుడే మేలుకునే పరీక్ష వీటిని పట్టుకోలేదు. నెలల తరబడి ఎవరూ తెరవని ప్రాజెక్టుకు రోజువారీ పరీక్ష ఇంకా అవసరం.

ఈ వేళలను రాయడానికి యూనిక్స్ నుంచి వచ్చిన క్రాన్ పద్ధతే నేటికీ ఆధారం. నిమిషం, గంట, తేదీ, నెల, వారం అని ఐదు గడులు. వారంలో ఆదివారం 0, గడిలో * ఉంటే ఏదైనా సరే అని అర్థం. చూడటానికి తేలికే కానీ, చాలా క్లౌడ్ సర్వర్ల గడియారం యూటీసీలో ఉంటుంది. భారత కాలమానం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. హైదరాబాద్‌లోని ఒక బృందానికి సోమవారం నుంచి శుక్రవారం వరకు తెల్లవారుజామున 2 గంటలకు పరీక్షలు మొదలవ్వాలనుకుందాం. 0 2 * * 1-5 అని రాస్తే అవి ఉదయం ఏడున్నరకు మొదలవుతాయి. అందరూ ఆఫీసుకు వచ్చే వేళకు ఇంకా నడుస్తూనే ఉండవచ్చు. గంటను సరిచేసి 30 20 * * 1-5 అన్నా తప్పే, ఎందుకంటే ఇక్కడి సోమవారం తెల్లవారుజామున యూటీసీలో ఇంకా ఆదివారం రాత్రే. సోమవారం ఫలితం రాదు, శనివారం అక్కర్లేకుండా నడుస్తుంది. సరైనది 30 20 * * 0-4.

అమెరికా స్థానిక కాలంలో వేళలు పెట్టేవారికి మరో చిక్కు. మార్చి రెండో ఆదివారం గడియారం 2 నుంచి నేరుగా 3కు దూకుతుంది. ఆ మధ్య గంటకు పెట్టిన పరీక్షను కొన్ని షెడ్యూలర్లు వదిలేయవచ్చు. యూటీసీలో రాస్తే ఈ బెడద లేదు.

అందరూ సరిగ్గా అర్ధరాత్రే పెట్టడమూ మంచిది కాదు. అన్ని ప్రాజెక్టులూ ఒకేసారి సర్వర్ల మీద పడి, మొత్తం వరుస ఆలస్యమవుతుంది. దీనికి, పరీక్షలను వేళకు నడిపే జెంకిన్స్ అనే సాధనంలో చక్కటి ఉపాయం ఉంది. నిమిషం గడిలో హెచ్ అనే అక్షరం రాస్తే, ప్రాజెక్టు పేరును బట్టి అదే ఒక నిమిషాన్ని కేటాయిస్తుంది. అలా భారం గంటంతా పరుచుకుంటుంది. నిన్నటి పరీక్ష ముగియకముందే ఇవాళ్టిది మొదలై, రెండూ ఒకే డేటాబేస్‌ను కదిలించకుండా కూడా చూసుకోవాలి.

రాత్రి పరీక్ష విఫలమైతే, ఆ రోజు చేరిన మార్పుల్లో దోషి ఏదో వెతకాలి. గిట్‌లోని బైసెక్ట్ ఆదేశం జాబితాను సగానికి సగం తగ్గిస్తూ పోతుంది. 64 మార్పులున్నా సుమారు 6 ప్రయత్నాల్లో తేలుతుంది. వచ్చిన చిక్కల్లా ఒకసారి గెలిచి, మరోసారి ఓడే నిలకడలేని పరీక్షలతోనే. గూగుల్‌లో పరీక్షల పరుగుల్లో దాదాపు 1.5 శాతం ఇలా ఉన్నట్లు 2016లో ఆ సంస్థే వెల్లడించింది. వీటిని పట్టించుకోకపోతే ఎర్ర గుర్తు కనిపించినా ఎవరూ కదలని అలవాటు ఏర్పడి, నిజమైన లోపం కూడా దాటిపోతుంది. కాబట్టి వాటిని విడిగా ఉంచి బాగుచేయాలి. ప్రతి ఉదయం ఫలితాలు చూసే బాధ్యత ఒకరి పేరు మీద ఉండాలి. ఆ ఏర్పాటు లేని బృందం కొత్త పరీక్షలు రాయడం కంటే ముందు అది చేసుకోవడం మేలు.