పందేనికి పాత మారుతి

సంగారెడ్డి, జహీరాబాద్ వైపు పాత ఇళ్ల వాకిళ్లలో ఇప్పటికీ ‘ఏపీ 23’ నంబరుతో మారుతి 800లు కనిపిస్తుంటాయి. ఉమ్మడి మెదక్ జిల్లాకు అప్పట్లో ఇచ్చిన నంబరు అది. 1983 డిసెంబరులో తొలి మారుతి 800 కొనుగోలుదారు చేతికి వచ్చింది. 2014 జనవరిలో ఉత్పత్తి ఆగిపోయింది. ఇప్పుడు అమ్మబోతే తుక్కు ధర మించి రాదు. అయినా మోటారు క్రీడల్లో సరదాగా అడుగుపెట్టాలనుకునేవారికి ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం దొరకదని నా నమ్మకం. చిన్న ఇంజిను, తేలికైన ఒళ్లు, బానెట్ ఎత్తితే ప్రతి భాగమూ చేతికందుతుంది.

ఇలాంటి బండిని షెడ్డుకు తీసుకెళ్లిన కుర్రవాడు మొదట అడిగే ప్రశ్న ఒకటే: ‘అన్నా, పవర్ ఎంత పెరుగుతది?’ అది చివర అడగాల్సిన ప్రశ్న. బండి ముందు ఆగాలి, తర్వాత తిరగాలి, ఆ తర్వాతే పరుగెత్తాలి. ఈ వరుస ఎందుకో భౌతికశాస్త్రం చెబుతుంది.

బండిని అలా మలచడానికి కావలసిన చేతిపనికి ఈ ప్రాంతంలో కొదవలేదు. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో టర్బైన్లు, ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో యుద్ధ వాహనాలు, సదాశివపేట ఎంఆర్‌ఎఫ్‌లో టైర్లు తయారవుతాయి. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ సంస్థ జపాన్ నిస్సాన్ సాయంతో జహీరాబాద్‌లో తేలికపాటి లారీలు చేసింది. తర్వాత ఆ కర్మాగారం మహీంద్రా చేతికి వెళ్లింది. (మన దగ్గరే తయారైన లారీ ఉన్నా, ఆ సైజు బండి ఏదైనా జనం నోట మాత్రం ‘డీసీఎం’గానే మిగిలిపోయింది.) ఈ కర్మాగారాలకు విడిభాగాలు అందించే లేత్ షెడ్లు పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పొడవునా ఉన్నాయి. మిల్లీమీటరులో వందో వంతును పట్టించుకునే పనివాళ్లు అక్కడ ఉన్నారు.

ఇంజిను విప్పగానే మొదటి పని కొలవడం. సిలిండరు బోరు గుండ్రంగా ఉన్నట్టు కంటికి కనిపిస్తుంది కానీ లక్ష కిలోమీటర్లు తిరిగిన ఇంజినులో ఆ గుండ్రం నిలవదు. కనెక్టింగ్ రాడ్ వాలుగా నెట్టడం వల్ల పిస్టన్ ఒక పక్క గోడకు ఎక్కువగా ఒరుసుకుంటుంది. పై కొసన, రింగులు ఆగి వెనుదిరిగే చోట, వేడి ఎక్కువ, నూనె పొర పలచన. అరుగుదల అక్కడే ఎక్కువ. కాబట్టి బోరు గేజీతో పైన, నడుమ, కింద, ప్రతిచోటా రెండు దిక్కుల్లో కొలవాలి. తేడా కంపెనీ చెప్పిన హద్దు దాటితేనే రీబోరింగ్.

రీబోరింగ్‌తో బలం పెరుగుతుందన్న భ్రమ చాలామందిలో ఉంది. లెక్క వేసి చూద్దాం. ఈ ఇంజిను బోరు 68.5 మి.మీ., స్ట్రోకు 72 మి.మీ., సిలిండర్లు మూడు. మొత్తం 796 ఘన సెంటీమీటర్లు. అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్లు వేస్తే 808 అవుతుంది. పెరిగింది 1.5 శాతం! బోరింగ్ బండికి ఆరోగ్యమే తప్ప బలం కాదు. పైగా పోటీల్లో తరగతులను ఇంజిను పరిమాణం బట్టి విడదీస్తారు. నిబంధనల పుస్తకం చదవకుండా బోరు చేయిస్తే పై తరగతిలో పెద్ద బండ్ల మధ్య నిలబడాల్సి రావచ్చు.

క్రాంకు బ్యాలెన్సింగ్ మీద పెట్టిన డబ్బు మాత్రం వృథా పోదు. ఇరుసు నుంచి 36 మి.మీ. దూరంలో 5 గ్రాముల తేడా ఉందనుకోండి. నిమిషానికి 6000 చుట్ల వేగంలో అది ఏడు కిలోల బరువంత బలంతో బేరింగును లాగుతుంది. ఒక్కో చుట్టులో అన్ని దిక్కులకూ, సెకనుకు నూరుసార్లు. చుట్ల వేగం రెట్టింపైతే ఈ లాగుడు నాలుగింతలు. 50 హెర్ట్జ్ విద్యుత్తు ఇచ్చే పెద్ద టర్బైన్లు తిరిగేది నిమిషానికి 3000 చుట్లే. వాటి రోటర్లను గ్రాముల లెక్కన సరిచూసే విద్య తెలిసిన ప్రాంతంలో ఈ మాటకు పెద్ద వివరణ అక్కర్లేదు.

కార్బురేటరు విషయంలో మన పీఠభూమి ఒక చిక్కు పెడుతుంది. సంగారెడ్డి సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి సాంద్రత సముద్రతీరంతో పోలిస్తే దాదాపు 5 శాతం తక్కువ. ఇక్కడ కార్బురేటరు జెట్లు, అంటే పెట్రోలు కొలిచి వదిలే రంధ్రాలు, సరిచేసుకున్న బండిని చెన్నై తీసుకెళ్తే, చిక్కటి గాలికి తగినంత పెట్రోలు అందదు. మిశ్రమం సుమారు రెండున్నర శాతం పలచనవుతుంది. ఊళ్లో తిరిగేటప్పుడు ఇది తెలియదు. పూర్తి యాక్సిలరేటరు మీద ల్యాపు తర్వాత ల్యాపు తిరిగితే ఇంజిను కొట్టుకోవడం మొదలై పిస్టన్ నెత్తి కరగవచ్చు. స్పార్క్ ప్లగ్గు కొన తెల్లబారితే అది హెచ్చరిక.

ఇక బ్రేకులు. బండి, నడిపే మనిషి కలిపి 720 కిలోలనుకుంటే, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఉండే గతిశక్తి 278 కిలోజౌళ్లు. ఆపిన ప్రతిసారీ ఇదంతా వేడిగా మారాల్సిందే. 30 డిగ్రీల లీటరు నీటిని 96 డిగ్రీలకు, అంటే చాయ్ మరిగే దాకా, తీసుకెళ్లే వేడి అది. రోడ్డు మీద గంటకు ఒకటి రెండుసార్లు అలా ఆపుతాం. ట్రాక్ మీద నిమిషానికి రెండు మూడు సార్లు. ఎక్కువ భారం ముందరి డిస్కులదే. అవి చల్లారేలోపే మళ్లీ వేడెక్కుతాయి.

మన షెడ్లలో ‘బ్రేక్ ఆయిల్’ అంటారు కానీ అది పెట్రోలియం నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 140 డిగ్రీలకే మరగవచ్చు. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. ద్రవాన్ని నొక్కితే కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది. అందుకే మరిగిన మరుక్షణం పెడల్ నేల దాకా దిగుతుంది, బండి మాత్రం ఆగదు. కొన్ని వందల రూపాయల ద్రవం మార్చకుండా వేల రూపాయల ఎగ్జాస్టు వేయించుకునేవారిని చూస్తే నాకు జాలి వేస్తుంది.

బ్రేకు పడ్డప్పుడు బరువు ముందుకు వాలుతుంది. ఎంత? ద్రవ్యరాశిని వేగం తగ్గే రేటుతో, గురుత్వ కేంద్రం ఎత్తుతో హెచ్చించి, ముందు వెనుక చక్రాల నడుమ దూరంతో భాగించాలి. ఈ బండిలో ఆ దూరం 2175 మి.మీ. గురుత్వ కేంద్రం అర మీటరు ఎత్తున ఉందనుకుని గట్టిగా బ్రేకు వేస్తే సుమారు 132 కిలోల భారం వెనుక నుంచి ముందుకు మారుతుంది. బండిని 4 సెంటీమీటర్లు దించితే ఇందులో పది కిలోలు తగ్గుతాయి. అలాగని స్ప్రింగులు కోసేయడం తప్పుడు దారి. ఆరు చుట్ల స్ప్రింగులో ఒకటి కోస్తే అది 20 శాతం బిగుసుకుంటుంది, కదలికకు చోటు తగ్గుతుంది. చిన్న గతుకుకే చక్రం నేల విడుస్తుంది. సరైన కొలతతో చేసిన పొట్టి స్ప్రింగు, దానికి తగ్గ డ్యాంపరు వేయాలి.

బండిని నేలకు పట్టి ఉంచేది నాలుగు టైర్ల కింద ఒక్కొక్క అరచేయంత రబ్బరు. బ్రేకు, మలుపు, పరుగు, మూడూ ఆ అరచేతులే భరించాలి. వెనుక సీటు, కార్పెట్లు, ఏసీ తీసి 50 కిలోలు తగ్గిస్తే బండి దాదాపు 7 శాతం తేలికవుతుంది, మూడింటికీ లాభం. బోరింగ్ ఇచ్చిన 1.5 శాతం పక్కన దీన్ని పెట్టి చూడండి.

తీసిన బరువులో కొంత రోల్ కేజ్‌కు, అంటే పల్టీ కొడితే మనిషిని కాపాడే పైపుల చట్రానికి, తిరిగి ఇవ్వక తప్పదు. అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఐఏ ప్రమాణం ప్రకారం ప్రధాన కమాను అతుకులేని ఉక్కు పైపుతోనే చేయాలి: 45 మి.మీ. వ్యాసమైతే కనీసం 2.5 మి.మీ. మందం. గేట్లకు, షెడ్లకు వాడే అతుకు పైపు చవక. పల్టీ కొట్టినప్పుడు మాత్రం ఆ అతుకును నమ్మలేం.

ఇలా మారిన బండి రోడ్డుకు పనికిరాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడాన్ని నిషేధిస్తోంది. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రోడ్డు మీద పందెం 189వ సెక్షన్ కింద నేరం. ముత్తంగి దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎంత నున్నగా ఉన్నా అది ట్రాక్ కాదు. దేశంలో ఈ క్రీడను నడిపే సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ. పోటీకి దిగేవారు లైసెన్సు, హెల్మెట్, దుస్తుల నియమాలు ముందే తెలుసుకోవాలి.

చెన్నై పక్క ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ పొడవు 3.7 కిలోమీటర్లు, కోయంబత్తూరు కరి స్పీడ్‌వే 2.1. సంగారెడ్డి నుంచి బయలుదేరేవారు బండిని డీసీఎం మీదే తీసుకెళ్లండి; వెంట ఒక సైజు పెద్ద జెట్లు, సీలు విప్పని బ్రేక్ ఆయిల్ డబ్బా పెట్టుకోండి.