ఉపకారమా, బాకీయా?

స్కాలర్‌షిప్‌ను మనం ‘ఉపకార వేతనం’ అంటున్నాం. ఆ మాటలోనే దాతా యాచకుడూ దాగి ఉన్నారని నా ఆరోపణ.

కెనడాను చూడండి. 1871 నుంచి ఒడంబడికల పేరిట ఆదివాసుల భూములు తీసుకున్న ప్రభుత్వం, బదులుగా బడులు పెడతానన్నది. 1876 నాటి ఇండియన్ చట్టమేమో విశ్వవిద్యాలయ పట్టా పొందినవాడికి ఆదివాసిగా ఉన్న గుర్తింపునే రద్దు చేసింది. చదువుకు వెల అస్తిత్వం!

1989లో ఉన్నత విద్యా సహాయానికి పరిమితి విధిస్తే ఆదివాసి విద్యార్థులు నిరాహారదీక్ష చేశారు. ఒడంబడిక హామీ ఉన్నత విద్యకూ వర్తిస్తుందనీ, అది తమ హక్కనీ వారి వాదన. అది విధానమే గాని హక్కు కాదని ప్రభుత్వ వాదన. తేడా చిన్నది కాదు. విధానమైతే కుదించవచ్చు, 1996లో ఏటా పెంపును 2 శాతానికి బిగించారు. హక్కయితే లెక్క చెప్పాలి.

భూమి పోగొట్టుకున్నవాడే అసలు ఋణదాత. అతని బిడ్డల చదువుకిచ్చేది బాకీ చెల్లింపు. రచయితలం ముందుగా ఆ ‘ఉపకారాన్ని’ మన భాషలోంచి తీసెయ్యాలి.